వాసన రాని చేపల మార్కెట్టు

ఉప్పుమొగ మునిసిపాలిటీ వారు కట్టిన చేపల మార్కెట్టుకు ఒక్కటే లోపం. అది బాగా వచ్చింది.

బాగా రాకపోయి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఊళ్లోవాళ్లు నాలుగు తిట్లు తిట్టి, పెద్దలు రిబ్బను కత్తిరించి, మర్నాటి నుంచి చేపలవాళ్లు చేపలు అమ్ముకునేవారు. అసిస్టెంటు ఇంజనీరు భానోజీ చేసిన తప్పల్లా మనసు పెట్టి కట్టించడమే. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆయన కల్వర్టులు కట్టించాడు, మరుగుదొడ్లు కట్టించాడు, ఎవరూ వెళ్లని పార్కొకటి కట్టించాడు. అన్నిటికీ తిట్లే దక్కాయి. కల్వర్టు ఒకటి వరదకు కొట్టుకుపోతే, దాన్ని వెతికి తెచ్చే బాధ్యత కూడా ఆయన మీదే పెట్టారు. అందుకని ఈ ఒక్కటైనా పదిమందీ మెచ్చేలా ఉండాలని పట్టుబట్టాడు.

ఊళ్లో చేపలమ్మే ఆడవాళ్లు బస్టాండు పక్కన మురుగుకాలువ గట్టున కూర్చునేవారు. ఎండకు చేప మెత్తబడిపోయేది, వానకు బస్సులు బురద చిమ్మేవి. వాళ్లలో పెద్దది ఓలేటి పేరంటాలు. ఆమె గొంతు లేచిందంటే బస్సు హారను కూడా తగ్గేది. భానోజీ ఆమెను పిలిచి, ఇటుకల దొంతర మీద కూర్చోబెట్టి, ఒక్కో ఇటుకా తీసి, పెట్టి, మోకాళ్లు పట్టేయకుండా ఎంత ఎత్తుండాలో చూసుకుని మరీ అరుగులు కట్టించాడు. అన్నిటికంటే ఆయనకు ప్రాణం ఆ నేల వాలు. ఈ మూల బిందెడు నీళ్లు కుమ్మరిస్తే, ఎక్కడా నిలవకుండా పొలుసుతో సహా ఆ మూల కాలువలోకి పోవాలి. కంటికి కనిపించదు, కాలికి తెలియదు, నీళ్లకు మాత్రం తెలుస్తుంది. అలాంటి వాలు.

"ఆనలకి ముందే ఇచ్చేత్తారా బాబూ?" అని అడిగింది పేరంటాలు.

"ఇస్తాను. నాదీ పూచీ," అన్నాడు భానోజీ.

సర్కారు ఉద్యోగి నోట్లోంచి రాకూడని మాట అది. ఆ వారంలోనే సర్క్యులరొకటి వచ్చింది.

అఖిల రాష్ట్ర నిర్మాణ శ్రేష్ఠతా పరిషత్తు అనే సంస్థ ఏటా 'నిర్మాణ శిరోమణి' అనే షీల్డు ఇస్తుందనీ, మునిసిపాలిటీలన్నీ పోటీకి రావచ్చనీ దాని సారాంశం. కమిషనర్ త్రివిక్రమరావుగారు దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశారు. ఉప్పుమొగకు వచ్చిన రోజు నుంచీ ఉప్పుమొగ నుంచి ఎలా బయటపడాలా అన్నదే ఆయన పరిపాలన. షీల్డు వస్తే రాజధానికి బదిలీ ఖాయమని ఆయన లెక్క.

"భానోజీ గారూ, ఏడో నిబంధన పరిశీలించారా?" అని చదివి వినిపించారు. "'న్యాయనిర్ణేతలు సందర్శించు నాటికి కట్టడమునందు వాడకము యొక్క ఆనవాళ్లు ఏవియు లేక, నిర్మాణ నైపుణ్యము తేటతెల్లముగా కనిపించవలెను.' దీని తాత్పర్యం ఏమిటి?"

"శుభ్రంగా ఉండాలనండి."

"కాదు. చేప రాకూడదని."

"అది చేపల మార్కెట్టండీ!"

"అది నిన్నటి మాట. ఇవాళ్టి నుంచి అది ఎంట్రీ."

భానోజీ తలూపాడు. ఊపడానికి కారణం భయం ఒక్కటే కాదు. ఆ షీల్డు మీద తన పేరు ఎలా ఉంటుందో అప్పటికే ఒకసారి ఊహించుకున్నాడు. బాగానే ఉంది. ఇన్నాళ్ల తిట్లకు కాస్త విరుగుడు దొరుకుతుందంటే ఎవరికి చేదు? కొద్ది రోజులే కదా అనుకున్నాడు. ఈ దేశంలో వేసిన ప్రతి తాళమూ కొద్ది రోజులకేనన్న సంగతి తోచలేదు.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. మార్కెట్టుకు తాళం పడింది, తాళంచెవి భానోజీ జేబులో పడింది. పిల్లులు చొరబడకుండా కాపలావాణ్ణి వేశారు. గేటు మీద పెద్ద అక్షరాలతో 'చేపల మార్కెట్టు' అనీ, దానికింద ఎర్రరంగుతో 'లోనికి చేపలు తీసుకురారాదు' అనీ రాయించారు. ఊళ్లోవాళ్లు రెండూ చదువుకుని, మునిసిపాలిటీ భాష తమకు ఎప్పుడర్థమైంది కనకా అని సరిపెట్టుకున్నారు.

మొదటి దశ దస్త్రాల పరిశీలన. భానోజీ పద్ధతిగా ఒక పేజీ రాసుకెళ్లాడు. "ఇది చేపలు అమ్ముకోవడానికి" అన్న మొదటి వాక్యం దగ్గరే కమిషనర్ గారి కలం ఆగింది.

"ఎంత నగ్నంగా రాశారండీ! 'సాగరాధారిత జీవన సంస్కృతికి స్థలపరమైన ప్రతిస్పందన' అనండి."

"అంటే ఏంటండీ?"

"అర్థమైతే మార్కులు తగ్గుతాయి."

ఆయన అన్నది నిజమే. పరిషత్తులో దస్త్రాలు చదవడమనే ఆచారం లేదు. గుమాస్తా ఒక్కొక్కటీ ఎత్తి బల్ల మీద పెడతాడు. ఏది ఎత్తినప్పుడు గట్టిగా మూలుగుతాడో అది రెండో దశకు వెళుతుంది. త్రివిక్రమరావుగారు ఈ కిటుకు తెలిసినవారు కాబట్టి, మార్కెట్టు ఫోటోలతోపాటు ఊరి చరిత్ర, సముద్రం లోతు, ఇంటిపన్ను నిబంధనలు, తమ జీవిత విశేషాలు కూడా అట్టలు వేయించి కుట్టించారు. ఉప్పుమొగ దస్త్రం ఎత్తిన గుమాస్తా మూడురోజులు సెలవు పెట్టాడని కబురొచ్చింది. కమిషనర్ గారు ఆఫీసులో మిఠాయి పంచారు.

రెండో దశ స్థల సందర్శన. ఆషాఢం వచ్చేసింది. గట్టున కూర్చున్నవాళ్ల మీద మొదటి వాన పడింది. పేరంటాలు ఆఫీసుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఆనలకి ముందన్నారు. ఆనొచ్చేసింది."

"ఒక్క పరీక్ష ఉందమ్మా. అది కాగానే."

"పరీచ్చ ఎవరికండి? మాకా, గోడలకా?"

భానోజీ నిజాయితీపరుడు. "గోడలకే," అన్నాడు.

ఇంతలో కొత్త చిక్కొచ్చిపడింది. మార్కుల పట్టికలో 'లబ్ధిదారుల సంతృప్తి' అనే పద్దు ఒకటుంది. లబ్ధిదారులు కట్టడాన్ని సహజంగా వాడుకుంటూ ఆనందిస్తుండగా న్యాయనిర్ణేత చూడాలి. కానీ ఏడో నిబంధన ప్రకారం వాడకూడదు. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. త్రివిక్రమరావుగారు మాత్రం పాతికేళ్లుగా ప్రభుత్వంలో పనిచేస్తున్నారు.

"లబ్ధిదారులు ఉంటారు. ఆనందం ఉంటుంది. చేప మాత్రమే ఉండదు," అని తేల్చారు. "చేప స్థానంలో చేప నమూనా ఉంటుంది."

వినాయక విగ్రహాలు చేసే పైడయ్యకు పని అప్పజెప్పారు. చవితి పనుల్లో తలమునకలై ఉన్నా సర్కారు ఆర్డరని అతను కాదనలేకపోయాడు. చేతికందిన రంగులతో, అలవాటైన చేత్తో తయారుచేశాడు. అందుకే ఆ మట్టిచేపలన్నిటికీ కాటుక దిద్దిన విశాలమైన కళ్లు వచ్చాయి. ఒక చందువచేపకైతే నుదుట తిలకం కూడా పడింది. తట్టల్లో సర్దితే, అవి కొనేవాళ్లను ఆశీర్వదిస్తున్నట్టే ఉన్నాయి. కాపలావాడి కన్నుగప్పి వచ్చిన పిల్లి ఒకటి ఒక చేపను వాసన చూసి, భానోజీ వైపు అదోలా చూసి వెళ్లిపోయింది. ఆ చూపు ఆయనకు చాలాకాలం గుర్తుండిపోయింది.

ఆడవాళ్లకు సబ్బుతో స్నానాలు చేయించి, ఒకే రంగు చీరలు కట్టించి, గంధం పూసి కూర్చోబెట్టారు. అరుగెక్కి కూర్చున్న పేరంటాలు ఓసారి మోకాళ్లు సవరించుకుంది. "సుకంగా ఉందండి బాబూ," అంది మెల్లగా. అదొక్కటే ఆ రోజు అక్కడ వినిపించిన సహజమైన మాట.

న్యాయనిర్ణేత అనంతశయనంగారు వచ్చారు. ఆయన రిటైరైన చీఫ్ ఇంజనీరు. బూట్లకు గుడ్డసంచులు తొడుక్కుని, గుమ్మంలోనే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చారు. కమిషనర్ గారు ఊపిరి బిగబట్టారు.

"అద్భుతం!" అన్నారు అనంతశయనంగారు. "నా సర్వీసులో ఎన్నో చేపల మార్కెట్లు పరిశీలించాను. చేప వాసన రాని చేపల మార్కెట్టును ఇదే ప్రథమంగా దర్శిస్తున్నాను. దీనిని ఏ సాంకేతికతతో సాధించారు?"

"సమగ్ర ప్రణాళికతోనండి," అన్నారు త్రివిక్రమరావుగారు.

అనంతశయనంగారు రాసుకున్నారు. తర్వాత వ్యాపార వాతావరణం పరీక్షించాలంటూ నేరుగా పేరంటాలు ముందుకు వెళ్లి, తట్టలోని ఒక పండుగప్ప చేపను చూపించి ధర అడిగారు. పేరంటాలు భానోజీ వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆయన తలాడించాడు. చెప్పింది. అనంతశయనంగారు సగానికడిగారు.

అంతే. అది మట్టిదన్న సంగతి పేరంటాలు మర్చిపోయింది.

"సగానికా? ఎక్కడినుంచి దిగారండి తవరు? కన్ను సూడండి, ఎంత నిగనిగలాడతందో! ఇయ్యాల్టి సరుకండి ఇది!"

అది మాత్రం అబద్ధం కాదు. పైడయ్య పొద్దున్నే రంగేశాడు.

అనంతశయనంగారికీ పౌరుషం వచ్చింది. ఆయన తెలివైన కొనుగోలుదారు. చేప కొనేవాళ్లెవరైనా చేసే పనే చేశారు. మొప్ప ఎత్తి చూశారు. లోపల చవితి ఎరుపు ధగధగలాడుతోంది. "ఊఁ. తాజాదే," అని ఒప్పుకున్నారు. అయినా ధర దిగమన్నారు. ఆమె దిగనంది. "మట్టిసేపకైనా ఓ మరియాద ఉంటాదండీ!" అని కూడా అంది. కమిషనర్ గారికి చెమటలు పట్టాయి గానీ, ఆ మాట బేరం వేడిలో కొట్టుకుపోయింది. చివరికి ఇద్దరూ ఒక ధరకు వచ్చారు. అనంతశయనంగారు పండుగప్పను కాగితంలో చుట్టించుకుని కారులో పెట్టించారు. దాన్ని వాళ్లింట్లో ఏం చేశారో తెలియదు. 'సరుకు నిల్వ సామర్థ్యం' అన్న పద్దు కింద మాత్రం ఆ తర్వాత పూర్తి మార్కులు పడ్డాయి.

అంతా అయిపోయిందనుకుంటుండగా ఆయన జేబులోంచి నిమ్మకాయ తీసి నేల మీద పెట్టారు. అది క్షణం ఆలోచించి, మెల్లగా కదిలి, దొర్లుకుంటూ వెళ్లి ఆ మూల కాలువలో పడింది.

భానోజీ గుండె పొంగింది. ఇన్నాళ్లకు తన వాలును చూసినవాడొకడు దొరికాడు.

"లోపం," అన్నారు అనంతశయనంగారు. "నేల సమతలంగా లేదు."

"అది వాలండీ! నీళ్లు పోవడానికి కావాలనే..."

"ఏ నీళ్లు?"

"చేపలు కడిగిన నీళ్లండి."

"ఏ చేపలు?" అని ఆయన చుట్టూ చూశారు. నిజమే, కడగవలసిన చేప ఒక్కటీ లేదు. "చూడండి మిస్టర్, మేము మార్కులు వేయునది కట్టడమునకు. కట్టడములో మీరు చేయబోవు పనులకు కాదు. శ్రావణములో తుది పరిశీలన జరుగును. మిగతావన్నీ సంతృప్తికరము. తుది పరిశీలన అయిన మరునాడే ఈ వాలు పూడ్పించి, గ్రానైటు పరపించెదమని రాసి ఇచ్చినచో షీల్డు మీదేనని భావించవచ్చును."

"తప్పకుండా పూడుస్తామండి. అసలు అది ఎలా వచ్చిందో విచారణ కూడా వేస్తాను," అన్నారు కమిషనర్ గారు.

అందరూ వెళ్లాక భానోజీ కాలువలోకి వంగి ఆ నిమ్మకాయను తీశాడు. ఎందుకు తీశాడో తెలియదు. తాళంచెవి ఉన్న జేబులోనే వేసుకున్నాడు. మనసు మాత్రం బాగా నొచ్చింది. తిట్లు ఆయనకు అలవాటే. కానీ తప్పుచేస్తే తిట్టడం వేరు, ఒప్పును పట్టుకుని తప్పనడం వేరు.

శ్రావణం వచ్చింది. తుది పోటీలో నిలిచినవి మూడే. ఒకటి ఉప్పుమొగ మార్కెట్టు. రెండోది ఒక బస్టాండు. బస్సులు లోపలికి రాకుండా చుట్టూ కందకం తవ్వారని దానికి మంచి పేరుంది. మూడోది పక్క జిల్లా వాళ్ల ఆధునిక శ్మశానవాటిక. ఏడో నిబంధన అక్కడా ఉంది కదా. ఆ ఊళ్లో మంచాన పడ్డ పెద్దాయన ఒకరి ఇంటికి అక్కడి కమిషనర్ పళ్లు పట్టుకెళ్లి, తుది పరిశీలన అయ్యేదాకా ఓపిక పట్టమని బతిమాలాడట. పెద్దాయన మంచివాడు. పడుతున్నాడు.

ఉప్పుమొగలో మాత్రం ఓపికలు అయిపోయాయి. వానలు ఊపందుకున్నాయి. మురుగుకాలువ పొంగి గట్టు మునిగితే, ఆడవాళ్లు వచ్చి మార్కెట్టు ప్రహరీని ఆనుకుని, గొడుగుల కింద కూర్చున్నారు. గేటు అవతల పొడి అరుగులు కనిపిస్తూనే ఉన్నాయి. భానోజీ అటుగా వెళ్లడం మానేశాడు. ఓరోజు తప్పనిసరై వెళ్తే పేరంటాలు కేకేసింది.

"సేప మా తట్టలో ఉంది. తాళంసెవి మీ జోబులో ఉంది. మద్దిలో ఈ ఆన మా నెత్తిన ఎందుకండి బాబూ?"

ఆమె తిట్టినా బాగుండేది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. భానోజీ సిగ్గుతో చచ్చిపోయాడు. గబగబా నడిచాడు.

తుది పరిశీలన రోజు అనంతశయనంగారు మరో ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకొచ్చారు. గోదావరికి ఎర్రనీరు తగిలి పులస పడుతున్న రోజులు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు. కమిషనర్ గారికి పుస్తెలతో పనిలేదు, మునిసిపాలిటీ ఉంది. పేరంటాలుకు కబురుపెట్టి, ముందురోజే మట్టిదాకలో పులుసు పెట్టించి, మార్కెట్టు ఎదురుగా షామియానా వేయించారు.

సరిగ్గా విస్తళ్లు వేసే వేళకు గాలివాన వచ్చింది. షామియానా ఒక్క ఊపున లేచి బస్టాండు వైపు వెళ్లిపోయింది. సభ్యులు తడిసి, మార్కెట్టు గేటు దగ్గరికి పరుగెత్తారు. దాకను కొంగుతో కప్పి పట్టుకుని పేరంటాలు కూడా అక్కడికే వచ్చింది. మూత కాస్త జరిగింది. పులుసు వాసన గుప్పుమంది.

అనంతశయనంగారు కళ్లు మూసుకున్నారు.

"లోపల కూర్చుందుము," అన్నారు.

"లోపలా?" త్రివిక్రమరావుగారు అదిరిపడ్డారు. "అయ్యా, ఏడో నిబంధన..."

"నిబంధన కట్టడమునకు. భోజనమునకు కాదు."

కమిషనర్ గారు దిక్కుతోచక భానోజీ వైపు చూశారు. తాళంచెవి కనిపించడం లేదనో, గేటు బిగుసుకుపోయిందనో ఏదో ఒకటి చెప్పమని ఆ చూపుకు అర్థం. భానోజీకి అర్థమైంది. జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తగిలింది. దాని పక్కనే ఎండి గట్టిపడ్డ నిమ్మకాయ తగిలింది.

"తాళం నా దగ్గరే ఉందండి!" అని ముందుకెళ్లి గేటు బార్లా తెరిచాడు.

న్యాయనిర్ణేతలు అరుగుల మీద బాసింపట్లు వేసుకున్నారు. "ఎత్తు చక్కగా అమరినది," అన్నాడొక సభ్యుడు. పేరంటాలు వడ్డించింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వడ్డించింది. పులస ముళ్లచేప. తినడం రానివాళ్లు చుట్టూ ఉమ్ముతారు, వచ్చినవాళ్లు కుప్పపెడతారు. ముగ్గురిలో ఎవరికీ రాదు. పులుసు చేతుల్ని స్తంభాలకు ఆనించి లేచారు, గోడలకు ఆనించి నిలబడ్డారు, కిటికీలకు తుడుచుకున్నారు. వాన తగ్గింది. అనంతశయనంగారు తృప్తిగా త్రేన్చి, చేతులు కడుక్కుని, బూట్లకు సంచులు తొడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, "ఇక పరిశీలన ప్రారంభించుదుము," అన్నారు. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చి గట్టిగా ఊపిరి పీల్చారు.

ఆయన మొహం మారిపోయింది.

"ఏమిటీ వాసన?"

కమిషనర్ గారు విస్తళ్ల వైపు చూశారు.

"కమిషనర్ గారూ, ఇచట చేప వాసన వచ్చుచున్నది!"

"అయ్యా, అది... తమరే కదా ఇందాక..."

"మేము న్యాయనిర్ణేతలము. ఎవరు తిన్నారన్నది మాకు ప్రస్తుతము అప్రస్తుతము. వాసన ఉన్నదా, లేదా?"

"ఉందండి," అన్నాడు భానోజీ, ఎవరూ అడక్కుండానే.

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. 'సదరు కట్టడమునందు ముండ్లు, విస్తళ్లు, గోడలపై పసుపు వర్ణపు వ్రేలిముద్రలు, దట్టమైన మత్స్య గంధము గుర్తించబడినవి. కట్టడము తీవ్రముగా వాడబడినట్లు నిర్ధారించడమైనది. ఇకపై ఏ పోటీకైనను అనర్హము.' కింద ముగ్గురి సంతకాలు. ఆ కాగితం మీద కూడా ఒక పసుపు మరక ఉంది.

షీల్డు శ్మశానవాటికకు వెళ్లింది. దాంతోపాటు, షీల్డు పొందిన కట్టడాన్ని ఐదేళ్ల పాటు వాడకుండా ఉంచాలన్న నిబంధన కూడా వెళ్లింది. ఆ పెద్దాయనకు ఈ సంగతి ఎవరు చెప్పాలన్నదాని మీద అక్కడ కమిటీ వేశారట.

త్రివిక్రమరావుగారు రెండు రోజులు సెలవు పెట్టి, మూడోరోజు వచ్చి, మార్కెట్టు ఫైలును బల్ల మీంచి తోసేశారు. "గ్రానైటు రద్దు. ఇంక దాన్ని ఎవరేం చేసుకున్నా నాకు సంబంధం లేదు," అన్నారు. ఉప్పుమొగ మునిసిపాలిటీలో అంత ప్రజాహితమైన ఉత్తర్వు అంతకుముందెన్నడూ వెలువడలేదు.

మర్నాడు తెల్లవారకుండానే తట్టలు లోపలికొచ్చాయి. రిబ్బను లేదు, కొబ్బరికాయ లేదు. గేటు మీది ఎర్రరాతల్ని ఎవరో కొట్టేశారు. పొద్దెక్కేసరికి అరుగులన్నీ నిండాయి. వాసన సందు చివరి దాకా వచ్చింది. ఆనాటి పిల్లి తన బంధువులతో సహా దిగింది.

భానోజీ ఎవరినీ అడగకుండా బిందెడు నీళ్లు తెచ్చి పైమూలన కుమ్మరించాడు. జేబులోంచి ఎండిన నిమ్మకాయను తీసి ఆ నీళ్లలో వదిలాడు. నీళ్లు ఒక్కచోటా ఆగలేదు. పొలుసుని, రక్తాన్ని, చితికిన ఐసుని తుడుచుకుంటూ ఆడవాళ్ల కాళ్ల పక్కనుంచి చకచకా సాగిపోయాయి. వాటితోపాటు దొర్లుతూ నిమ్మకాయ కూడా కాలువలో పడింది. భానోజీ కళ్లు చెమర్చాయి. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"బాబూ," అంది వెనకనుంచి పేరంటాలు.

మెచ్చుకోబోతోందనుకుని ఆయన ఆశగా వెనక్కి తిరిగాడు.

"కాత్త పక్కకి జరగండి. అడ్డంగా ఉన్నారు, బేరాలున్నాయి."

భానోజీ పక్కకి జరిగాడు.